స్థానిక టెలివిజన్ కేంద్రాల ఆర్థిక మనుగడ

ఒక పట్టణానికో, జిల్లాకో, లేదా ఒక నగరానికీ దాని చుట్టుపక్కల పల్లెలకో పరిమితమై, ఆ ప్రాంతపు వార్తలను, ఉత్సవాలను, వ్యాపార ప్రకటనలను అక్కడి ప్రేక్షకులకే అందించే ప్రసార సంస్థను స్థానిక టెలివిజన్ కేంద్రం అంటారు. అది లైసెన్సు పొంది గాలి తరంగాల మీద ప్రసారం చేసే కేంద్రం కావచ్చు, కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్ళలో మాత్రమే కనిపించే చానెల్ కావచ్చు. రెండింటినీ వేధించే చిక్కు ఒక్కటే: రాబడి ప్రేక్షకుల సంఖ్యను బట్టి వస్తుంది గానీ, ఖర్చు ఆ సంఖ్యను బట్టి తగ్గదు. మున్సిపల్ కౌన్సిల్ సమావేశాన్ని చూపాలంటే కెమెరా, దాన్ని పట్టే మనిషి, దృశ్యాలను కూర్చే మనిషి, వార్త రాసి చదివే మనుషులు కావాలి; దాన్ని 4 వేల ఇళ్ళు చూసినా 40 లక్షల ఇళ్ళు చూసినా ఆ ఖర్చు దాదాపు ఒకటే. స్థానిక ప్రకటనల మీదనే ఆధారపడి దీర్ఘకాలం నిలిచిన కేంద్రాలు అరుదు కావడానికి కారణం ఇదే. తన ప్రసారాన్ని ఇంటింటికీ చేర్చే వ్యవస్థ మీద కేంద్రానికి చట్టమిచ్చిన హక్కో, యాజమాన్యమో, దాని ఆదాయంలో వాటాయో ఉన్నచోట అది నిలదొక్కుకుంది. లేనిచోట ప్రభుత్వం ఎంత ఉత్సాహంగా ప్రారంభించినా కుంటుపడింది. అమెరికా, కెనడా, బ్రిటన్ దేశాల చరిత్ర, తెలుగు పట్టణాల కేబుల్ చానెళ్ళ అనుభవం ఈ విషయాన్ని నాలుగు రకాలుగా చూపుతాయి.

అమెరికా: సమ్మతికి ధర

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో టెలివిజన్ మొదటినుంచీ స్థానిక వ్యవస్థగానే రూపొందింది. లైసెన్సుల జారీని 1948లో నిలిపివేసిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, 1952 ఏప్రిల్‌లో దాన్ని పునఃప్రారంభిస్తూ దాదాపు 1,300 ఊళ్ళకు 2 వేలకు పైగా చానెళ్ళను కేటాయించింది. వీలైనన్ని ఊళ్ళకు సొంత కేంద్రం ఉండాలన్నది ఆ కేటాయింపు వెనుక ఉన్న సంకల్పం. అయితే చిన్న ఊళ్ళ కేంద్రాలకు రోజంతా సొంత కార్యక్రమాలు తయారుచేసుకునే స్తోమత లేదు. అవి సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ వంటి జాతీయ నెట్‌వర్కులతో అనుబంధం కుదుర్చుకుని, వాటి నాటకాలను, క్రీడలను ప్రసారం చేస్తూ, మధ్యలో తమ వార్తలను, తమ ప్రకటనలను పెట్టుకున్నాయి. తమ కార్యక్రమాలకు సమయం ఇచ్చినందుకు ఆ రోజుల్లో నెట్‌వర్కులే స్థానిక కేంద్రాలకు డబ్బు చెల్లించేవి.

కేబుల్ విస్తరించడంతో ఈ లెక్క మారింది. కేబుల్ కంపెనీలు స్థానిక కేంద్రాల ప్రసారాన్ని గాలిలోంచి పట్టుకుని చందాదారులకు అమ్ముకునేవి, కేంద్రాలకు పైసా దక్కేది కాదు. 1992 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కేంద్రాల ముందు రెండు దారులు ఉంచి, మూడేళ్ళకోసారి వాటిలో ఒకదాన్ని ఎంచుకోమంది. మొదటిది తప్పనిసరి ప్రసారం: డబ్బు అడగకుండా, కేబుల్ కంపెనీ తమను విధిగా చూపాలని కోరడం. రెండోది పునఃప్రసార సమ్మతి: తమ అనుమతి లేకుండా చూపరాదని, అనుమతికి ధర ఇంత అని బేరమాడడం. ప్రేక్షకాదరణ తక్కువ ఉన్న కేంద్రాలు మొదటి దారిని, ఫుట్‌బాల్ పోటీలు, ప్రసిద్ధ ధారావాహికలు చేతిలో ఉన్న కేంద్రాలు రెండో దారిని పట్టాయి. తప్పనిసరి ప్రసారం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1997లో 5–4 మెజారిటీతో తీర్పు ఇచ్చింది.

హక్కు చేతికి వచ్చినా డబ్బు వెంటనే రాలేదు. 1993లో తొలి విడత బేరాల్లో కేబుల్ కంపెనీలు నగదు ఇవ్వబోమని భీష్మించాయి. చివరకు నగదుకు బదులు పెద్ద సంస్థల కొత్త కేబుల్ చానెళ్ళకు చోటిస్తామని ఒప్పుకున్నాయి. ఈఎస్‌పీఎన్-2, ఎఫ్ఎక్స్ చానెళ్ళు ఆ ఒప్పందాల వల్లనే పుట్టాయి. చిన్న పట్టణాల్లో కేంద్రాలు నడిపే నెక్స్‌స్టార్ సంస్థ 2005లో నగదు కోసం పట్టుబట్టి, కొన్ని కేబుల్ వ్యవస్థల నుంచి నెలల తరబడి తన ప్రసారాన్ని ఉపసంహరించుకుంది. ఆ పట్టుదల ఫలించాక మిగతావారూ అదే దారి తొక్కారు. 2010ల చివరికి ఈ రుసుములు దేశం మొత్తం మీద ఏటా వెయ్యి కోట్ల డాలర్లకు మించాయి. చాలా కేంద్రాల ఆదాయంలో ప్రకటనల తర్వాతి స్థానం దీనిదే అయింది, కొన్నిటికి మొదటి స్థానం కూడా.

రెండో ఊతం ఎన్నికలు. సరిసంఖ్య వచ్చే ఏడాదుల్లో ఎన్నికల ప్రకటనలు వెల్లువెత్తుతాయి కనుక కేంద్రాలు రెండేళ్ళను ఒక చక్రంగా తీసుకుని బడ్జెట్ వేసుకుంటాయి. ఎన్నికల ముందు నిర్ణీత రోజుల్లో అభ్యర్థుల నుంచి అతి తక్కువ రేటు మాత్రమే తీసుకోవాలని చట్టం ఉంది. అభ్యర్థుల తరఫున ఖర్చుచేసే స్వతంత్ర బృందాలకు ఆ రాయితీ లేదు కాబట్టి, అసలు లాభం వారి నుంచే వస్తుంది.

ప్రేక్షకులను కొలిచే నీల్సన్ సంస్థ దేశాన్ని 210 మార్కెట్లుగా విభజించింది. న్యూయార్క్ మొదటిది, మోంటానా రాష్ట్రంలోని గ్లెండైవ్ చివరిది. టీవీ ఉన్న ఇళ్ళు దాదాపు 4 వేలే ఉన్న ఆ మార్కెట్‌లో 1957లో ప్రారంభమైన కేఎక్స్‌జీఎన్ కేంద్రం డిజిటల్ ప్రసారం వచ్చాక ఒకే ట్రాన్స్‌మిటర్ మీద సీబీఎస్‌ను ఒక ఉపచానెల్‌గా, ఎన్‌బీసీని మరొక ఉపచానెల్‌గా నడిపి, ఒక కేంద్రం ఖర్చుతో రెండు కేంద్రాల పని చేసింది. చిన్న ఊరి కేంద్రం బతకడానికి సాంకేతికత చేసిన నిజమైన మేలు ఇటువంటిది.

ఈ నమూనాలో లోపాలు లేకపోలేదు. 2010 ప్రాంతం నుంచి నెట్‌వర్కులు పూర్వపు ఆనవాయితీని తలకిందులు చేసి, కేంద్రాలకు వచ్చే రుసుములో పెద్ద వాటా తమకు చెల్లించాలని అడగసాగాయి. బేరమాడే బలం పెరగడానికి కేంద్రాలు ఒక్కటొక్కటిగా పెద్ద గుంపుల్లో కలిసిపోయాయి. నెక్స్‌స్టార్ 2019లో ట్రిబ్యూన్ మీడియాను కొని దేశంలోకెల్లా ఎక్కువ కేంద్రాలున్న సంస్థ అయింది. ఒకే యజమాని దేశంలోని 39 శాతానికి మించిన ఇళ్ళకు చేరరాదన్న పరిమితి ఉన్నా, లెక్కించే పద్ధతిలోని వెసులుబాట్లు దాన్ని సడలించాయి. ఒక పట్టణపు కేంద్రానికి మరో రాష్ట్రంలోని కంట్రోల్ రూమ్ నుంచి ప్రసారం నడపడం, ఒకే వాతావరణ నిపుణుడు నాలుగైదు ఊళ్ళ సూచనలు చెప్పడం మామూలైంది. డబ్బు నిలబడింది గానీ, ఏ స్థానికత పేరు చెప్పి చట్టం ఆ హక్కు ఇచ్చిందో అది పలచబడింది. పైగా రుసుము కేబుల్ చందాదారుల సంఖ్యను బట్టి వస్తుంది కాబట్టి, ఇంటర్నెట్ సేవలకు మళ్ళినవారు పెరిగేకొద్దీ ఈ ఆధారమూ సన్నగిల్లుతోంది.

అమెరికాలోనే వాణిజ్యంతో సంబంధం లేని మరో పద్ధతి ఉంది. 1984 నాటి కేబుల్ చట్టం ప్రకారం, తన వీధుల వెంట కేబుల్ వేసుకోనిచ్చినందుకు నగరపాలక సంస్థ ఆ కంపెనీ స్థూల ఆదాయంలో 5 శాతం వరకు రుసుము వసూలు చేయవచ్చు, ప్రజలకు, విద్యాసంస్థలకు, స్థానిక ప్రభుత్వానికి కొన్ని చానెళ్ళు కేటాయించమని కోరవచ్చు. చాలా నగరాలు ఆ రుసుములో కొంత భాగంతో కౌన్సిల్ సమావేశాల ప్రత్యక్ష ప్రసారం నడుపుతున్నాయి.

కెనడా: 2 డాలర్ల కేంద్రం

కెనడాలో స్థానిక కేంద్రాలకు రుసుము అడిగే హక్కు దక్కలేదు. కేబుల్ సంస్థల నుంచి ప్రసార విలువ వసూలు చేసుకునే ఏర్పాటును నియంత్రణ సంస్థ ప్రతిపాదించగా, అది ఆ సంస్థ అధికార పరిధిలోకి రాదని అక్కడి సుప్రీంకోర్టు 2012 డిసెంబరులో తేల్చింది. అంతకుముందే, 2008 ఆర్థిక మాంద్యం దెబ్బకు, 2009లో ఆల్బర్టాలోని రెడ్ డీర్, మానిటోబాలోని బ్రాండన్ కేంద్రాలు మూతపడ్డాయి. అదే ఏడాది విక్టోరియా నగరంలోని చెక్ టీవీని మూసివేయాలని దాని యాజమాన్యం నిర్ణయించినప్పుడు, ఉద్యోగులు తమ సొంత డబ్బు కూడగట్టి, స్థానిక మదుపుదారులను కలుపుకుని కేంద్రాన్ని నామమాత్రపు 2 డాలర్లకు కొన్నారు. ఆ ధర తక్కువగా కనిపిస్తుంది గానీ, ఆనాటి నుంచి నష్టాల బాధ్యత అంతా వారిదే. నెట్‌వర్కు అనుబంధం లేకుండా, స్థానిక వార్తలనే ప్రధాన సరుకుగా పెట్టుకుని ఆ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. యజమాని లాభాపేక్ష తప్పుకున్నప్పుడు వార్తా విభాగాన్ని ఆఖరున కోస్తారని, మొదట కోయరని ఈ ఉదంతం చెబుతుంది.

హక్కుకు బదులు కెనడా నిధిని ఎంచుకుంది. కేబుల్, ఉపగ్రహ పంపిణీ సంస్థల ఆదాయంలో కొంత శాతం తీసి చిన్న మార్కెట్ల కేంద్రాలకు పంచే స్థానిక కార్యక్రమాల నిధి 2009 నుంచి 2014 వరకు నడిచింది. తర్వాత 2017లో స్వతంత్ర స్థానిక వార్తల నిధి వచ్చింది. నిధి ఉన్నన్నాళ్ళు ఊరట ఉంటుంది. అది నియంత్రణ సంస్థ కలంపోటుతో ఆగిపోగలదు కనుక దాన్ని నమ్మి దీర్ఘకాలపు నియామకాలు చేయడానికి యాజమాన్యాలు వెనకాడుతాయి.

బ్రిటన్: చోటు ఉంది, సత్తువ లేదు

బ్రిటన్‌లో స్థానిక టెలివిజన్ ప్రభుత్వ సంకల్పం నుంచి పుట్టింది. 2010లో సాంస్కృతిక శాఖ మంత్రి జెరెమీ హంట్ అమెరికా నగరాల ఉదాహరణ చూపి, బ్రిటిష్ పట్టణాలకు సొంత కేంద్రాలు ఎందుకు ఉండకూడదని అడిగారు. ఆర్థిక సాధ్యతను పరిశీలించేందుకు లాజార్డ్ బ్యాంకుకు చెందిన నికొలస్ షాట్ నేతృత్వంలో ఏర్పాటైన బృందం చాలా జాగ్రత్తగా మాట్లాడింది: పెద్ద పట్టణ ప్రాంతాల్లో పదీ పన్నెండు కేంద్రాలు నిలవవచ్చునని, అంతకు మించితే కష్టమని దాని సారాంశం. ప్రభుత్వం అంతకన్నా చాలా ముందుకు వెళ్ళి, 30కి పైగా ప్రాంతాలకు లైసెన్సులు ఇప్పించింది. బీబీసీ లైసెన్సు రుసుము నుంచి 4 కోట్ల పౌండ్లు కేటాయించారు. అందులో రెండున్నర కోట్లు ప్రసార పరికరాలకు, మిగిలిన కోటిన్నర మూడేళ్ళపాటు ఈ కేంద్రాల నుంచి బీబీసీ వార్తా కథనాలు కొనడానికి.

2013 నవంబరులో గ్రిమ్స్‌బీలో మొదటి కేంద్రం మొదలైంది. 2014 మార్చిలో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక యాజమాన్యం ఆర్భాటంగా లండన్ లైవ్‌ను ప్రారంభించింది. బర్మింగ్‌హామ్ లైసెన్సు పొందిన సంస్థ ప్రసారం మొదలుపెట్టకముందే, 2014 ఆగస్టులో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. లండన్ లైవ్ కూడా కొద్ది నెలలకే స్థానిక కార్యక్రమాల గంటలు తగ్గించుకునేందుకు నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అనుమతి కోరింది. గ్లాస్గో, ఎడిన్‌బరోలతో మొదలైన ఎస్‌టీవీ వారి స్థానిక సేవ 2018లో మూతపడింది. అదే ఏడాది ఆఫ్‌కామ్ కొత్త ప్రాంతాలకు లైసెన్సులు ఇవ్వడం మానుకుంది. 2025 జనవరిలో లండన్ లైవ్ కూడా ఆగిపోయింది.

వైఫల్యానికి మూలం ఎక్కడుందో వెతకడం కష్టం కాదు. కేంద్రాలకు రిమోట్‌లో మంచి నంబరు దొరికింది, పరికరాలు దొరికాయి. కానీ ప్రజాదరణ ఉన్న నెట్‌వర్కు కార్యక్రమాలు లేవు, పంపిణీదారు నుంచి రుసుము అడిగే హక్కు లేదు, పక్కనే ఐటీవీ, బీబీసీల ప్రాంతీయ వార్తలు ఎప్పటినుంచో పాతుకుపోయి ఉన్నాయి. మూడేళ్ళ బీబీసీ కొనుగోళ్ళు అయిపోగానే ఖర్చు, రాబడుల మధ్య అగాధం బయటపడింది. మిగిలిన లైసెన్సుల్లో ఎక్కువ భాగం దట్స్ టీవీ వంటి ఒకటి రెండు సంస్థల చేతికి చేరి, రోజులో అధిక భాగం అన్ని ఊళ్ళలోనూ ఒకే పాత కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. విశ్వవిద్యాలయాల అండ ఉన్నవి మాత్రం కొంత భిన్నంగా నిలిచాయి: నాటింగ్‌హామ్‌లో నాట్స్ టీవీ, కెంట్‌లో కేఎంటీవీ విద్యార్థుల శిక్షణను, వార్తా సేకరణను ఒకే గదిలో కలిపాయి. ఖర్చులో కొంత విద్యాసంస్థ భరించింది, బదులుగా విద్యార్థులకు పని దొరికింది.

తెలుగు పట్టణాల్లో లోకల్ చానెల్

తెలుగు ప్రాంతంలో స్థానిక ప్రకటనల మార్కెట్ ఉందని మొదట నిరూపించినవి పత్రికలు. 1980ల చివర ఈనాడు మొదలుపెట్టిన జిల్లా అనుబంధాలు, జాతీయ కంపెనీల గడప తొక్కని చిన్న వ్యాపారి కూడా ప్రకటనకు డబ్బు పెడతాడని చూపాయి. 1991 తర్వాత డిష్ యాంటెన్నాలతో కేబుల్ పట్టణాలకు వచ్చినప్పుడు, ఆపరేటర్లు ఖాళీగా ఉన్న ఒక చానెల్‌లో వీసీఆర్ పెట్టి సినిమాలు వేశారు. ఆ తర్వాత సాయంత్రం అరగంట ఊరి వార్తలు చేర్చారు. సిటీ కేబుల్ అన్న పేరుతో జనం నోట నిలిచిన ఈ చానెళ్ళకు అప్పట్లో ప్రత్యేక లైసెన్సు ఉండేది కాదు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం ప్రకారం పోస్టాఫీసులో 500 రూపాయలు కట్టి నమోదైన ఆపరేటరే ప్రసారకర్త కూడా అయ్యేవాడు. ఉపగ్రహ వార్తా చానెల్ పెట్టాలంటే కంపెనీకి 20 కోట్ల రూపాయల నికర విలువ ఉండాలన్న నిబంధనతో పోలిస్తే, లోకల్ చానెల్ ఎంత తేలిగ్గా పుట్టిందో అర్థమవుతుంది.

దాని ఆదాయ మార్గం తెర అడుగునే కనిపిస్తుంది. వార్తలు, పాటలు, సినిమా ఏది నడుస్తున్నా కింద ఒక పట్టీ ఆగకుండా సాగుతుంటుంది: ఆషాఢం చీరల తగ్గింపు, ఇంటర్ అడ్మిషన్లు, రోడ్డు పక్క ప్లాట్లు, ఆదివారం ఉచిత కంటి వైద్య శిబిరం, ఫలానా నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు, ఒక కుటుంబం ఫొటోతో వేయించిన శ్రద్ధాంజలి. ఈ స్క్రోలింగ్‌ను రోజుల లెక్కన, తెరంతా నిండే ప్రకటనను సెకన్ల లెక్కన అమ్ముతారు. ప్రేక్షకుల సంఖ్యను కొలిచే బార్క్ సంస్థ లెక్కల్లోకి ఈ చానెళ్ళు రావు కాబట్టి, కార్పొరేట్ ప్రకటనల ఏజెన్సీలు వీటిని పట్టించుకోవు. ప్రకటన వేశాక షాపుకు జనం వచ్చారా లేదా అన్నదే ఇక్కడి రేటింగు. వినాయక నిమజ్జనం, అమ్మవారి జాతర, కల్యాణోత్సవం వంటి ప్రత్యక్ష ప్రసారాలకు స్పాన్సర్లు దొరుకుతారు. చాలామంది యజమానులకు మాత్రం చానెల్ లాభం కోసం కాదు: పోటీ ఆపరేటర్ దగ్గర లేని ఊరి వార్తలు తమ దగ్గర ఉండడం వల్ల కనెక్షన్లు జారిపోకుండా ఉంటాయి, కేబుల్ బిల్లు వసూలవుతుంది. అంటే ఇక్కడ కేబుల్ యాజమాన్యమే చానెల్‌కు జీతం ఇచ్చే పోషకుడు.

ఎన్నికల ప్రకటనల విషయంలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. కేబుల్ నిబంధనలు రాజకీయ ప్రకటనలను నిషేధించగా, 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. జెమినీ టీవీ కక్షిదారుగా ఉన్న ఆ వివాదంలోనే సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న, ముందస్తు ధ్రువీకరణ పొందాకే రాజకీయ ప్రకటనలు వేయాలని ఆదేశించింది. జిల్లాల్లో ధ్రువీకరణ కమిటీలు నేటికీ పనిచేసేది ఆ ఆదేశం మీదే. ప్రకటనగా చూపితే అభ్యర్థి ఎన్నికల ఖర్చు లెక్కలోకి వస్తుందని, వార్త రూపంలో డబ్బుకు ప్రచారం చేసే పెడధోరణి కూడా అప్పటి నుంచే ముదిరింది. ఐదేళ్ళకోసారి వచ్చే ఆ రాబడికి అలవాటుపడ్డ చానెల్ మిగతా నాలుగేళ్ళు ఎమ్మెల్యేని ప్రశ్నించలేదు. చానెల్ బతికినా వార్త చచ్చిపోవడమంటే ఇదే, దీన్ని మనుగడ కింద లెక్కవేయకూడదు.

డిజిటలీకరణ ఈ ఏర్పాటును కుదిపింది. 2013లో హైదరాబాద్, విశాఖపట్నాలకు, 2017 మార్చి నాటికి చిన్న పట్టణాలకు, పల్లెలకు సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయింది. అనలాగ్ రోజుల్లో ఆపరేటర్ తన కంట్రోల్ రూమ్‌లో ఒక మాడ్యులేటర్ పెట్టుకుంటే చాలు, ఊరంతా కనిపించేది. డిజిటల్‌లో సంకేతం ఎమ్మెస్వో, అంటే అనేక ఆపరేటర్లకు ప్రసారాలు సరఫరా చేసే పెద్ద సంస్థ, ప్రధాన ప్రసార కేంద్రంలో (హెడ్‌ఎండ్‌లో) గుప్తీకరణ జరిగి వస్తుంది. లోకల్ చానెల్ అక్కడికి చేరి, అక్కడ చోటు సంపాదించుకోవాలి. సొంత ఇంట్లో ఉన్నవాడు అద్దె ఇంటికి మారినట్టయింది. అప్పటికి కాపీరైట్ కేసుల భయంతో కొత్త సినిమాలు వేయడమూ తగ్గింది.

2022 నవంబరు 30న సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ఈ చానెళ్ళను ప్లాట్‌ఫామ్ సర్వీసులుగా గుర్తిస్తూ మార్గదర్శకాలు విడుదల చేసింది. చానెల్‌కు వెయ్యి రూపాయల నమోదు రుసుము, స్థానిక వార్తలు ఇవ్వాలంటే కంపెనీగా నమోదు, 90 రోజుల రికార్డింగు భద్రపరచడం, మొత్తం సామర్థ్యంలో 5 శాతం పరిమితి, దానికి అదనంగా జిల్లాకు ఐదు చానెళ్ళ వెసులుబాటు అందులో ఉన్నాయి. గుర్తింపు మేలే చేసింది. కానీ ఒక ప్లాట్‌ఫామ్‌లోని కార్యక్రమాలను మరో ప్లాట్‌ఫామ్‌తో పంచుకోరాదన్న నిబంధన ఆర్థికంగా నష్టదాయకం. ఒక పట్టణంలో రెండు కేబుల్ నెట్‌వర్కులుంటే, ఒకే ప్రమాదానికి, ఒకే కౌన్సిల్ సమావేశానికి రెండు కెమెరాలు వెళ్ళాలి, రెండు జీతాలు ఇవ్వాలి. ఆలయాల వంటి ప్రార్థనా స్థలాల ప్రత్యక్ష ప్రసారాలకు ఈ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చారు. దేవుడి కల్యాణానికి వర్తించిన వెసులుబాటు వరద వార్తకు వర్తించకపోవడానికి తగిన కారణం కనిపించదు. కేరళలో వేలమంది ఆపరేటర్లు వాటాదారులుగా ఏర్పడిన కేరళ విజన్, ఖర్చును ఉమ్మడిగా భరించే దారి దేశంలోనే ఉందని చూపుతోంది.

కేబుల్ ఆదాయంలో చానెల్‌కు వాటా అన్నది తెలుగు పట్టణాల్లో ఇంకా చర్చకే రాలేదు. 2019 ఫిబ్రవరిలో అమలైన, నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించిన టారిఫ్‌లో 100 చానెళ్ళకు నెలకు 130 రూపాయల నెట్‌వర్కు రుసుము గరిష్ఠ పరిమితిగా ఉండేది, వేరే ఒప్పందం లేకపోతే అందులో 55 శాతం ఎమ్మెస్వోకు, 45 శాతం స్థానిక ఆపరేటర్‌కు. ఆ పరిమితిని 2024లో ఎత్తివేశారు గానీ, లోకల్ చానెల్‌కంటూ ఏ వాటా అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అమెరికా నగరాల మాదిరిగా 5 శాతం కేటాయించినా 130 రూపాయలకు ఆరున్నర రూపాయలు వస్తాయి. 10 వేల కనెక్షన్లున్న పట్టణంలో అది నెలకు 65 వేల రూపాయలు, ముగ్గురు విలేకరులకు జీతం ఇచ్చి, ఒక కెమెరాను రోజూ మున్సిపల్ ఆఫీసుకు, ఆసుపత్రికి, మార్కెట్ యార్డుకు పంపగల మొత్తం.